పాత యూఆర్‌ఎల్‌లు మార్చాలా?

ప్రశ్న: పెన్సిల్ బొమ్మలు నేర్పే వెబ్‌సైట్ నడుపుతున్నాను. పేజీల యూఆర్‌ఎల్‌లలో (వెబ్ చిరునామాల్లో) ప్రశ్నార్థకం, ఐడీ, ఒక అంకె తప్ప ఇంకేమీ ఉండవు. 'ఇలాగైతే గూగుల్ చదవదు, అన్నింట్లో కీవర్డ్‌లు (జనం సెర్చ్‌లో వెతికే మాటలు) పెట్టు' అని తెలిసినవాళ్లు టెన్షన్ పెడుతున్నారు. మార్చమంటారా? తెలుగులోనే పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ప్రశ్నార్థకం ఉన్నా గూగుల్ భేషుగ్గా చదువుతుంది. యూఆర్‌ఎల్‌లో కీవర్డ్ ఉంటే ర్యాంకుకు కలిసొచ్చేది బహు స్వల్పమని గూగుల్ వాళ్లే చెబుతూ వస్తున్నారు. పాత పేజీలకు సెర్చ్ నుంచి జనం వస్తుంటే వాటి జోలికి పోకండి. నడుస్తున్నదాన్ని అందం కోసం మార్పించే సలహాదారులతో నాకెప్పుడూ పేచీయే.

కొత్త పేజీలకు మాత్రం చూడగానే విషయం తెలిసే పొట్టి పేర్లు పెట్టండి. మాటల మధ్య హైఫన్ పెట్టాలి, అండర్‌స్కోర్ వద్దు; గూగుల్ సిఫారసూ అదే. అన్నీ స్మాల్ లెటర్సే వాడండి. డొమైన్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు గానీ, దాని తర్వాతి భాగంలో ఉంది. అక్కడ ఒక్క అక్షరం పెద్దదైనా గూగుల్ లెక్కలో అది వేరే యూఆర్‌ఎల్. సంవత్సరం ఇరికించకండి. 2023 అని కనిపించే పాఠాన్ని మీరు నిన్ననే తిరగరాసినా, చూసేవాళ్లకు అది పాతదే.

ఇక తెలుగు సంగతి. గూగుల్‌కు ఏ అభ్యంతరమూ లేదు, బ్రౌజర్లోనూ సాధారణంగా తెలుగులోనే కనిపిస్తుంది. చిక్కంతా కాపీ చేసినప్పుడే; తెలుగు అక్షరాలు పొడవాటి కోడ్‌గా మారిపోతాయి. 'బొమ్మ' మనకు రెండక్షరాలు. కంప్యూటర్‌కు బ, ఒత్వం, మ, పొల్లు, ఇంకో మ కలిపి 5 గుర్తులు. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు 3 బైట్లు; ఒక్కో బైటు శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాలుగా మారుతుంది. అంటే ఆ చిన్న మాటకే యూఆర్‌ఎల్‌లో 45 అక్షరాలు! నాలుగు మాటల శీర్షిక ఎంతవుతుందో ఊహించుకోండి. పాఠాల లింకులు జనం మెసేజ్‌లలో పంపుకుంటారు కాబట్టి, మీకైతే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు మాటలే నయమంటాను.

పాఠాలను 'కొత్తవి ముందు', 'తేలికవి ముందు' అని సర్దుకునే ఏర్పాటు ఉందా? అలాగైతే ఒకే పేజీకి నాలుగైదు యూఆర్‌ఎల్‌లు పుడతాయి. అసలుది ఏదో చెప్పడానికి గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ 2009లో తెచ్చిన కెనానికల్ ట్యాగ్ ఉంది, అది పెట్టండి.

ఇంత చెప్పినా మార్చక తప్పదంటే, ఒక్కో పాత యూఆర్‌ఎల్ నుంచి దానికి సరిపడే కొత్తదానికే 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా కొత్త చోటికి మళ్లించే ఏర్పాటు) పెట్టండి. పని తగ్గుతుందని అన్నింటినీ హోమ్ పేజీకి మళ్లించారో, గూగుల్ వాటిని లేని పేజీల కింద జమకట్టవచ్చు. రీడైరెక్ట్‌లను కనీసం ఏడాదైనా తీయకూడదు. సైట్ లోపలి లింకులు, సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజన్ల కోసం ఉంచే పేజీల జాబితా) కూడా కొత్తవాటికి మార్చాలి. తర్వాత కొన్ని వారాలు ర్యాంకులు పైకీ కిందికీ ఊగుతాయి. అప్పుడు కంగారుపడి మళ్లీ పాతవాటికి మార్చకండి.