టక్‌టక్‌మని స్టార్ట్ కాని కారు: ఇంట్లోనే చూసుకోవాలా, షెడ్డుకు తీసుకుపోవాలా?

అన్నా, పొద్దున తాళం తిప్పితే టక్‌టక్‌మంటోంది, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లపొడి పేరుకుంది అన్నారు కదా. కొత్త బ్యాటరీకి తొందరపడొద్దు. ముందు ఆ పొడి సంగతి చూడండి, 10 నంబరు స్పానర్ చాలు. చేతికి గ్లవ్స్ వేసుకుని మైనస్ వైరే ముందు విప్పండి. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. గ్లాసు వేడినీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ పైనున్న సెల్ మూతల్లోకి దిగితే లోపలి యాసిడ్ పాడవుతుంది, జాగ్రత్త. ఆరాక ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించి పైన వ్యాజిలైన్ పూయండి.

తర్వాత బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. రాత్రంతా నిలిపిన బండికి 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగమే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 రావాలి. 13 కూడా దాటకపోతే లోపం ఆల్టర్నేటర్‌లోనో (ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది), దాన్ని తిప్పే బెల్టులోనో. బ్యాటరీ నిండుగా ఉండీ టక్‌మంటే స్టార్టర్ మోటారు మీద అనుమానం. ఈ రెండూ ఆటో ఎలక్ట్రీషియన్ పనే, ఇంట్లో కెలకొద్దు.

మన అనంతపురం ఎండకు బ్యాటరీ నీళ్లు తొందరగా ఇగిరిపోతాయి. మూతలు తెరుచుకునే రకమైతే గుర్తు వరకు డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్లు మాత్రం అసలొద్దు.