లైబ్రరీలో బోర్డులు పెట్టే ముందు కౌంటర్ దగ్గర కూర్చోండి

మీ ఊరి లైబ్రరీ కొత్త భవనంలోకి మారుతోందని, దారి చూపే బోర్డులు ఎలా పెట్టాలో చెప్పమని అడిగారు. ఒక శాఖా గ్రంథాలయంలో ఈ పని దగ్గరుండి చేయించాను కాబట్టి రాస్తున్నాను.

డిజైన్ సంగతి తర్వాత. ముందు కొన్నాళ్లు కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మా దగ్గర "సాంఘిక శాస్త్రాలు ఎక్కడ?" అని అడిగినవాళ్లు లేరు. "గ్రూప్స్ పుస్తకాలెక్కడ?", "పేపర్లు ఎటు?", "బాత్రూమ్ ఎక్కడండీ?" ఇవే.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చి సర్దే డ్యూయీ పద్ధతిలో రాజ్యాంగం 342, అంకగణితం 513, ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84. గ్రూప్స్‌కి చదివే కుర్రాడికి ఈ మూడూ కావాలి, అవేమో తలా ఒక మూల ఉంటాయి. నవల కోసం వచ్చిన పెద్దావిడకి 894.8273 అన్న నంబరు చూస్తే ఏం తెలుస్తుంది? అందుకే ర్యాక్ చివర "తెలుగు నవలలు" అని పెద్దగా, దాని కింద నంబరు చిన్నగా రాయించాం. పోటీ పరీక్షలవాళ్ల కోసం ఏ సబ్జెక్టు ఏ ర్యాక్‌లో ఉందో గోడ మీద పట్టిక పెట్టాం. ఆ తర్వాత "గ్రూప్స్ పుస్తకాలెక్కడ?" అన్న ప్రశ్న బాగా తగ్గింది. పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రంగా చెప్పారు. ఈ చిన్న పట్టిక చేసే పని అదే.

మనిషి ఆగి అటూ ఇటూ చూసే చోట బోర్డు ఉండాలి: గుమ్మం లోపల, మెట్లెక్కగానే, వరసలు విడిపోయే దగ్గర. గుమ్మం దగ్గరే అన్నీ రాసేస్తే ఎవరూ చదవరు, నాలుగైదు బాణాలు చాలు.

ప్రింటింగ్ షాపులో మాత్రం గట్టిగా ఉండండి. ఇంగ్లీషుకి సరిపోయే ఖాళీలోనే తెలుగునీ ఇరికించేస్తారు. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. వరసల మధ్య జాగా ఎక్కువ ఇవ్వకపోతే ఒకదానికొకటి తగిలి దూరం నుంచి ఏమీ తెలియదు. మండలి లాంటి సాదా ఫాంట్, తెలుపు మీద నలుపు, నీడలూ మెరుపులూ వద్దు. నున్నటి ఫ్లెక్స్ మీద ట్యూబ్‌లైటు పడితే చదవలేం, మెరవని మ్యాట్ రకం అడగండి.

డబ్బు పెట్టే ముందు అన్నీ కాగితాల మీద ప్రింట్ తీసి అంటించండి. ఎప్పుడూ రానివాళ్లని ఫలానా పుస్తకం తెమ్మని పంపి, మాట్లాడకుండా వెనకే నడవండి. వాళ్లు తడబడిన చోట కాగితం మార్చండి. ర్యాక్ చివరి బోర్డులు మాత్రం చీటీ మార్చుకునేలా చేయించండి, పుస్తకాలు పెరిగేకొద్దీ వరసలు జరపక తప్పదు.