చెల్లాయికి, ట్యాగుల సంగతి

పాలకొల్లు

చెల్లాయ్,

పూతరేకుల మీద నీ సైటులో నువ్వు రాసింది చదివాను. పల్చటి పిండిలో ముంచిన గుడ్డని బోర్లించిన వేడి కుండ మీద పరిచి లాగగానే రేకు లేచిరావడం కళ్లకు కట్టించావు. ఇంత రాసినా గూగుల్లో కనబడటం లేదు, ట్యాగులు ఇంకా పెంచమంటావా అన్నయ్యా అని అడిగావు. పెంచకు. ఉన్నవే తగ్గించాలి.

ఆ వ్యాసం కింద విషయం తెలిపే పేర్లుగా, అంటే ట్యాగులుగా, ఏమేం పెట్టావో ఒకసారి చూసుకో. పూతరేకులు, పూతరేకు, ఆత్రేయపురం, ఆత్రేయపురం పూతరేకులు, స్వీట్లు, మిఠాయిలు, గోదావరి, గోదారి, వంట, వంటలు, రుచులు. ఇప్పుడు ‘మిఠాయిలు’ నొక్కు. ఒక పేజీ తెరుచుకుంటుంది, అందులో ఈ వ్యాసం ఒక్కటే ఉంటుంది. ‘పూతరేకు’ నొక్కినా అదే, ‘రుచులు’ నొక్కినా అదే. నువ్వు రాసింది ఒక్క వ్యాసం, నీ సైటుని నడిపే వర్డ్‌ప్రెస్ పుట్టించింది పదకొండు పేజీలు. పొలం లేని చోటికి బోదెలు తవ్వినట్టుంది.

ట్యాగంటే గూగుల్ చెవిలో వేసే మాట అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు పేజీ లోపల కీవర్డ్స్ అని దాచి రాసేవాళ్లు కదా, ఆ అలవాటు ఇంకా పోలేదు. ర్యాంకుల కోసం ఆ కీవర్డ్స్‌ని లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. మన ట్యాగులైతే అసలు అలాంటివి కూడా కావు. ప్రతి ట్యాగూ ఒక పేజీ. ఆ పేజీకి వచ్చిన మనిషికి చదువుకోవడానికి ఏమైనా ఉందా లేదా అన్నదే చూడాలి.

లేకపోతే శిక్ష పడుతుందా అంటావేమో. ఒకే సరుకు నాలుగు చోట్ల ఉందని గూగుల్ కోపగించి కొట్టేయదు. ఒకేలా ఉన్నవాటిలో ఏదో ఒకటి ఎంచుకుని చూపిస్తుంది. ఆ ఎంచుకున్నది నీ వ్యాసం కాక ‘గోదారి’ ట్యాగు పేజీ అయితే నష్టం నీకే. 2011లో పాండా అనే మార్పు వచ్చాక పసలేని పేజీలు ఎక్కువున్న సైట్లు బాగా కిందికి పోయాయి. గూగుల్ మన సైటు తిరగడానికి టైము చాలదేమో అన్న దిగులు మాత్రం పెట్టుకోకు. అది లక్షల పేజీలున్న సైట్ల గొడవ.

మన భాషలో ఇంకో చిక్కుంది. ధవళేశ్వరం అని ఒకచోట, దవళేశ్వరం అని ఇంకోచోట, దౌలేశ్వరం అని మరోచోట ట్యాగులు పెట్టావు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట మీద రాసింది ఒక పేజీలో పడింది, కాలువ కట్టేసే రోజుల మీద రాసింది ఇంకో పేజీలో పడింది. ఒకటి చదివినవాడికి రెండోది ఉందనే తెలియదు. ఒక రూపం ఖాయం చేసుకుని అన్నీ దాని కిందికి తెచ్చెయ్. జనం వేరే రాతతో వెతుకుతారనిపిస్తే ఆ రూపాన్ని వ్యాసంలోనే ఎక్కడో ఒకచోట రాయి, చాలు.

ట్యాగు పేరు తెలుగులోనే ఉంచు, దాని స్లగ్ (చిరునామాలో పడే పేరు) మాత్రం పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు. తెలుగు చిరునామాని గూగుల్ చక్కగా చదువుతుంది, అందుకు కాదు. లింకు కాపీ చేసినప్పుడు మన గుణింతం శాతం గుర్తులుగా, అంకెలుగా విడిపోతుంది. అక్షరానికీ దాని గుణింతపు గుర్తుకీ విడివిడిగా తొమ్మిదేసి చొప్పున పడి, ఒక్క ‘గోదావరి’ 63 అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి ఇచ్చే చోటు 200. ‘గోదావరి జిల్లాల సంక్రాంతి పిండివంటలు’ అని పెట్టావా, మధ్యలో తెగిపోతుంది.

కేటగిరీలకి, అంటే వ్యాసాలని సర్దే పెద్ద విభాగాలకి, జిల్లాల పేర్లు పెట్టావు. అది నాకు అన్నిటికన్నా భయంగా ఉంది. 2022 ఏప్రిల్ 4కి ముందు అమలాపురం తూర్పు గోదావరిలో ఉండేది, ఆ రోజు నుంచి కోనసీమ జిల్లాకి ముఖ్యపట్టణం. ఇటు మా పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణంగా ఏలూరు పోయి భీమవరం వచ్చింది. నీ వ్యాసాల చిరునామాలో కేటగిరీ పేరు కూడా ఉంది కాబట్టి, కేటగిరీ మార్చిన ప్రతిసారీ చిరునామా మారిపోతుంది, పాత లింకుల మీద నమ్మకం ఉండదు. పర్మాలింకుల్లో, అంటే వ్యాసాల శాశ్వత చిరునామాల్లో, కేటగిరీ తీసేసి వ్యాసం పేరొక్కటే ఉంచు. పాత చిరునామాల నుంచి కొత్తవాటికి 301 అనే శాశ్వత దారిమళ్లింపు పెట్టడం మరిచిపోకు. కేటగిరీలు విషయాన్నిబట్టి పెట్టుకో: వంటలు, ఏరూ కాలువలూ, గుళ్లూ తీర్థాలూ, చేతిపనులు. వ్యాసానికి ఒక్క కేటగిరీ చాలు. ప్రతి కేటగిరీ పేజీ పైన నీ మాటల్లో రెండు పేరాలు రాయి, ఎందుకంటే గూగుల్లో నిలబడగలిగే పేజీలు అవే.

ట్యాగుకి నేను చూసేది ఒకటే: దీని మీద మళ్లీ రాస్తానా? ‘ప్రభల తీర్థం’ ట్యాగు ఉండాలి. ఏటా కనుమ వస్తుంది, జగ్గన్నతోటకి ప్రభలు వస్తాయి, నువ్వు రాస్తావు. ‘రుచులు’ అక్కర్లేదు, వంటలు అన్న కేటగిరీ ఉండనే ఉంది.

ఉంచుకున్న ట్యాగుల్లో ఇంకా పలచగా ఉన్నవాటికి గూగుల్లో కనబడే తీరుని సరిచేసుకునే ఎస్‌ఈఓ ప్లగిన్‌లో నోఇండెక్స్ (ఈ పేజీని వెతుకులాటలో చూపించొద్దన్న గుర్తు) పెట్టు. పాఠకుడికి పనికొస్తాయి, వెతుకులాటలో కనబడవు. వాటినే, గూగుల్ ఏ పేజీలు తెరవకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్లో కూడా అడ్డుకోకు. పేజీ తెరవనివ్వకపోతే లోపలున్న నోఇండెక్స్ గూగుల్‌కి ఎలా తెలుస్తుంది?

తొందరపడి ఈ రాత్రే అన్నీ తుడిచెయ్యకు. మన సైటు వెతుకులాటలో ఎలా కనబడుతోందో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్ పనితీరు రిపోర్టులో 16 నెలల లెక్క ఉంటుంది. పేజీల జాబితాలో ట్యాగు చిరునామాలు మాత్రం వడకట్టి, దేనికి ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూడు. క్లిక్కులు వచ్చినదాన్ని ఉంచి, పైన నాలుగు మంచి మాటలు రాయి. ఒక్కటీ రానివి దగ్గరి ట్యాగులోనో కేటగిరీలోనో కలిపి, అక్కడికే 301 పెట్టు. ఆ జాబితా నాకూ పంపు. ఏవి తీసెయ్యాలో కలిసి చూద్దాం.

నీ అన్నయ్య