రిగ్లీ ఫీల్డ్ మీద అంత మమకారం ఎందుకంటే

"అన్ని హంగులతో కొత్త స్టేడియంలు ఉండగా చికాగో వాళ్లు 1914 నాటి బేస్‌బాల్ మైదానం రిగ్లీ ఫీల్డ్‌ని పట్టుకుని ఎందుకు వేలాడతారు?" అని ఒకరు అడిగారు. ముందు మా నాన్న సంగతి చెప్తాను.

2011 ఎండాకాలంలో ఆయన తెనాలి నుంచి వచ్చారు. మేముండేది చికాగో శివార్లలో, కారు లేనిదే గుమ్మం దాటలేని చోట. పది రోజులకే ఆయనకు ఊపిరాడలేదు. ఒక బుధవారం సెలవు పెట్టి రిగ్లీకి తీసుకెళ్లాను. మధ్యాహ్నం 1:20కి ఆట. రెడ్ లైన్ రైల్లో వెళ్లి ఆడిసన్ స్టేషన్‌లో దిగితే అన్నీ ఇళ్లే, వాటి మధ్యలో మైదానం. "ఇదేంట్రా, వీధిలో కట్టేశారు!" అన్నారు. ఎదురింటి డాబాల మీద కూడా జనం కూర్చుని చూస్తుంటే ఆయన ముఖం విప్పారింది.

మైదానం చివర ఇటుక గోడ, దాన్ని కమ్మేసిన ఐవీ తీగ. ఆ తీగ నాటిందీ, పైనున్న స్కోరుబోర్డు పెట్టిందీ 1937లోనే. బోర్డు లోపల మనుషులుండి చేత్తో అంకెలు మారుస్తారు. నాన్న కాసేపు ఆట మానేసి దాన్నే చూశారు. అంతలో బంతి దొర్లుకుంటూ వెళ్లి తీగలో ఇరుక్కుంది. ఫీల్డర్ వెతక్కుండా రెండు చేతులూ పైకెత్తాడు. కొట్టినవాడికి రెండు బేస్‌లు, అంటే ఒక పరుగుకి దాటాల్సిన నాలుగు మజిలీల్లో రెండు, ఇచ్చేశారు.

"మన సందులో కాలవలో పడితే రెండు డిక్లేర్డ్ కదా, ఇదీ అంతేగా!" అన్నారు నాన్న. ఇక నేను వివరించాల్సిన పని పడలేదు. పక్కాయన ఇచ్చిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చివరి దాకా చూశారు.

నేననేది అదే. ఆ రోజుల్లో మైదానం వీధికి ఒదిగేది. బోస్టన్‌లో 1912 నాటి బేస్‌బాల్ మైదానం ఫెన్‌వే పార్కులో ఎడమవైపు వెనకే రోడ్డు, జాగా చాలదు. అందుకే అక్కడ 37 అడుగుల గోడ లేచింది. ఇరుకే దానికి అందం తెచ్చింది. ఊరవతల ఎకరాల పార్కింగ్ మధ్య కట్టినవాటిలో ఏం ఇరుకుంటుంది? ఆట కంటే పార్కింగ్‌కే టెన్షన్. పైగా ఎప్పుడు చప్పట్లు కొట్టాలో కూడా తెర మీద రాసి చెప్తారు, అది నాకు అస్సలు పడదు.

రిగ్లీలో 1988 ఆగస్టు దాకా ఫ్లడ్‌లైట్లే లేవు. రాత్రి ఆటలకు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లను చూస్తే నాకు గౌరవం. 2015లో అక్కడా పెద్ద వీడియో బోర్డు పెట్టేశారు, ఆ బాధ నాకింకా పోలేదు. తీగ మాత్రం అలాగే ఉంది.

వెళ్తే మామూలు పని రోజున, పగటి ఆటకు వెళ్లండి. గోడ వెనక బెంచీల్లో కూర్చోండి. కారు మాత్రం తీసుకెళ్లకండి.