సీ వుల్ఫ్ 2 అనే పాత వీడియో ఆటను ఇద్దరు ఆడేటప్పుడు ఒకరినొకరు కాల్చుకోవచ్చా? ఇంట్లో ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాల ఆటలను కంప్యూటర్‌లో నడిపించే ప్రోగ్రాంలో, ఆడితే సరిపోతుందా?

కాల్చుకోలేరు. పెళ్లిలో బిందెలోని ఉంగరం కోసం వెతుకుతారు చూడండి, ఇదీ అంతే. నీళ్లు ఒకటే, చేతులు రెండు జతలు.

అమెరికాలో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు, పాత ఆటల యంత్రాలున్న ఒక హాలుకు తీసుకెళ్లాడు. అక్కడ దీన్ని ఆడాను. మిడ్‌వే సంస్థ 1978లో తెచ్చిన ఆట. పక్కపక్కనే రెండు పెరిస్కోపులు (జలాంతర్గామి లోంచి పైకి చూసే గొట్టాలు) ఉంటాయి, ఇద్దరికీ కనబడేది మాత్రం ఒకే సముద్రం. పిడులు పట్టుకుని, కళ్లు ఆనించి, అటూ ఇటూ తిప్పుతూ పైన అడ్డంగా పోయే ఓడలను కొట్టాలి.

మొదటి రెండు ఆటలూ చిత్తుగా ఓడిపోయాను. ఓడను చూసి కొట్టడమే నా తప్పు. టార్పెడో, అంటే నీటిలో ఓడ మీదికి వదిలే ఆయుధం, తీరిగ్గా పైకి వెళుతుంది, అది చేరేలోగా ఓడ దాటిపోతుంది. ఓడను కాదు, దాని ముందున్న ఖాళీ నీటిని గురిపెట్టాలి. పెద్ద ఓడకు కొంచెం ముందు చాలు. దూసుకుపోయే చిన్న యుద్ధపడవ పీటీ బోటుకైతే ఇంకా చాలా ముందు కొట్టాలి. అడ్డొచ్చే మైన్లు (నీటి బాంబులు) టార్పెడోలను మింగేస్తాయి. చేతిలో ఉన్నవి అయిపోతే మళ్లీ నిండేదాకా ఆగక తప్పదు. నా జాతకమేమో, పీటీ బోటు సరిగ్గా అప్పుడే వచ్చేది.

ఇన్ని లెక్కలు వేసి నేను వదిలిన టార్పెడో సగం దూరం వెళ్లేసరికి ఆ ఓడను మా బావమరిది ముంచేసేవాడు. మూడో ఆట నుంచి ఓడలను వదిలేసి, అతను ఎన్ని వదిలాడో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అతనివి ఖాళీ అయిన క్షణంలో నావి కొట్టేవాణ్ని. గెలుపు అక్కడ దొరికింది.

ఇక ఎమ్యులేటర్ సంగతి. మేమ్ అనే ఎమ్యులేటర్‌లో ఆడి చూశాను. ఓడలు అవే, కానీ మౌస్‌కు బరువు లేదు. పెరిస్కోపు తిప్పితే భుజాలు కూడా తిరుగుతాయి, పక్కన ప్రపంచం కనబడదు. అసలు ఈ కోవ ఆటలు వీడియో కంటే ముందువి. 1960లలో వచ్చిన సెగా వారి పెరిస్కోప్‌లో తెరే లేదు, అట్టతో చేసిన ఓడలు కదిలేవి. 1976లో వచ్చిన మొదటి సీ వుల్ఫ్‌లో కూడా నలుపు తెలుపు తెర మీద నీలం పొర వేసి సముద్రం అనిపించారు. పేలుడు మెరుపు, మిగిలిన టార్పెడోల లెక్క పెరిస్కోపు లోపలి దీపాలే చూపించేవి. యంత్రం లేకపోతే సగం ఆట లేనట్టే.

ఒకరినొకరు ముంచుకోవాలనే ఉంటే 1979 నాటి అటారీ ఆట సబ్స్ కోసం వెతకండి. అందులో ఎవరి తెర వారిదే.

సీ వుల్ఫ్ 2 దొరికితే మాత్రం డబ్బులు వేసే ముందు రెండు వైపులా మీటలు నొక్కి చూడండి. మేము ఆడినదాంట్లో కుడివైపు మీట అప్పుడప్పుడు పట్టేసేది. "బావా, ఇది నొక్కుకోవడం లేదు, ఈ ఆట లెక్కలోకి రాదు" అని ఓడిన ప్రతిసారీ మా బావమరిది అనేవాడు. గెలిచినప్పుడు మీట బాగానే పనిచేసినట్టుంది.