పుట్టని ఎలుకల లెక్క

అమ్మాయీ,

ప్రాణాంతక జన్యువుల మీద నీ వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ ‘హంతక జన్యువు’, ‘వంశానికి పట్టిన శాపం’ అన్న మాటలు రెండూ కొట్టేయ్. జన్యువు ఎవరి మీదా పగబట్టదు. బతకడానికి కావలసిన ఏదో ఒక పని దాని లోపం వల్ల ఆగిపోతుంది, అంతే.

హంటింగ్టన్ వ్యాధితో కాకుండా ఎలుకలతో మొదలుపెట్టు. ఫ్రాన్స్‌లోని నాన్సీలో లూసియెన్ కేనో అనే శాస్త్రవేత్త పసుపు ఎలుకల్ని పసుపు ఎలుకలతోనే జతకట్టించాడు. వంశపారంపర్య సూత్రాలు చెప్పిన మెండెల్ లెక్క ప్రకారం మూడు పసుపు పిల్లలకు ఒకటి వేరే రంగుది పుట్టాలి. పుట్టింది మాత్రం రెండుకి ఒకటి! పసుపు జన్యువున్న వీర్యకణం అలాంటి అండంతో కలవదేమోనని 1905లో ఆయన ఊహించాడు. అది తప్పు. 1910లో అమెరికాలో కాజిల్, లిటిల్ ఈతల్ని లెక్కపెట్టారు. పసుపు జంటలకు ఈతకు పిల్లలు తక్కువ. అంటే పిండాలు ఏర్పడుతున్నాయి, వాటిలో నాలుగో వంతు కడుపులోనే పోతున్నాయి.

ఇక్కడ తొందరపడకు. రంగు విషయంలో ఆ జన్యువు బహిర్గతం, ఒక్కటున్నా ఒళ్లు పసుపే. చావు విషయంలో అంతర్గతం, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ రావాలి. ఆ చోట డీఎన్‌ఏ ముక్కే ఊడిపోయిందని తర్వాత తేలింది. ఒక మంచి ప్రతి (కాపీ) ఉంటే పిండం నెట్టుకొస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమయ్యేలా రాయగలిగితే నీ వ్యాసంలో సగం పని అయిపోయినట్టే.

మెదడులో నరాల కణాలు క్రమంగా దెబ్బతినే హంటింగ్టన్‌కి రెండు పేరాలు చాలు. లోపమున్న జన్యువు ఒక్క కాపీ ఉన్నా జబ్బు వస్తుంది, తల్లిదండ్రుల్లో ఒకరికి అది ఉంటే పుట్టే ఒక్కో బిడ్డకూ సగం అవకాశం. సాధారణంగా ముప్పై, నలభై ఏళ్లు దాటాక బయటపడుతుంది, అప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటారు. అందుకే అది తరాలు దాటుతోంది.

కండరాలు క్షీణించిపోయే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ గురించి ‘నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుంది’ అని రాశావు. ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇది చదివితే, ఇక మిగతా ముగ్గురికీ భయం లేదనుకోదూ? తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే, అంటే లోపమున్న కాపీ ఒక్కటే ఉండి జబ్బు లేనివాళ్లైతే, ప్రతి కాన్పుకీ 25 శాతం అని రాయి. ముందు కాన్పులో ఏం జరిగిందన్నది లెక్కలోకి రాదు. జబ్బు లేని తోబుట్టువుల్లో మాత్రం క్యారియర్లు, కానివాళ్లు రెండుకి ఒకటి చొప్పున ఉంటారు. ఆ ఎలుకల నిష్పత్తే! అన్నట్టు, 2016లో అమెరికాలో ఈ జబ్బుకు మందు వచ్చింది, కాబట్టి ‘రెండేళ్లలోపే మరణం’ అన్నచోట ‘చికిత్స లేకపోతే, తీవ్రమైన రకంలో’ అని చేర్చు.

మేనరికం పేరా నాకు నచ్చలేదు. మేనత్త, మేనమామ పిల్లలకు జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి, మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. దాగి ఉన్న ఒకే లోపం రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. అంతవరకే రాయి. మన ఇళ్లలో నింద ముందు కోడలి మీదే పడుతుంది, ఇలాంటి జబ్బుకు తండ్రి నుంచీ ఒక ప్రతి రావాల్సిందేనని మాత్రం ఒక వాక్యం తప్పక పెట్టు.

తిరగరాశాక, నాకు పంపేముందు జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు సలహా) చేసే డాక్టరుకి ఒకసారి చూపించు. కామాలు నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు