రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు

తల్లీ,

నువ్వు న్యూరోసైకాలజీ, అదే మెదడు దెబ్బతిన్నవాళ్ల ఆలోచన, జ్ఞాపకం పరీక్షించే చదువు, చేస్తానన్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింట్లో నా తర్వాత ఇంకొకరు అనుకుంటే గుండె నిండిపోయింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. లేచి ఇది రాస్తున్నాను.

చదువు సంగతి నీకు తెలుసు. కోర్సుల పేర్లు మారుతున్నాయి గానీ, ఆర్.సి.ఐ. (భారత పునరావాస మండలి) గుర్తింపు లేనిచోట మాత్రం చేరకు. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ ఎంట్రెన్స్ రాయి, రాకపోతే మళ్లీ రాయి.

స్కానింగ్‌లో మెదడుకు దెబ్బ ఎక్కడ తగిలిందో కనపడుతుంది. ఆ మనిషి పొయ్యి వెలిగించి మళ్లీ ఆర్పగలదా, చిల్లర లెక్క చూసుకోగలదా అన్నది మనం చెప్పాలి. నా భయమంతా అక్కడే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పల్లె నుంచి ఒక ముసలమ్మను కొడుకు తీసుకొచ్చాడు, మతిమరుపని. బయట పాతికమంది కూర్చుని ఉన్నారు. పెన్సిల్ ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమన్నాను. ఆమె పెన్సిల్‌ను పిడికిట్లో పట్టుకుంది. నేను అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. గుండ్రం వంకర పోయింది, అంకెలు లేవు. పెట్టె బొమ్మ చూసి గీయమంటే అదీ రాలేదు. నేను కొన్ని మాటలు చదివి, మళ్లీ చెప్పమంటే రెండే చెప్పింది. మార్కులు కూడి, 'తీవ్ర లోపం' అని రాసి సంతకం పెట్టాను.

ఆరు నెలలకు కోడలు ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. "ఆ కాగితం వచ్చినప్పటి నుంచి మా ఆయన అత్తమ్మ చేతికి రూపాయి ఇవ్వట్లేదు, పొయ్యి దగ్గరికి రానివ్వట్లేదు. పొలం పాస్‌బుక్కు కూడా తీసేసుకున్నాడు. పొద్దున్నే వాకిట్లో పదిహేను చుక్కల మెలికల ముగ్గు ఒక్క చుక్క తప్పకుండా వేస్తుందమ్మా. మతి పోయినవాళ్లు అలా వేస్తారా?" అంది.

ఈసారి చెవి దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగాను. అన్నీ చెప్పింది. ఆమెకు చెవుడు, పెన్సిల్ పట్టే అలవాటు లేదు, అంతే. రిపోర్టు మార్చి రాశాను. పాస్‌బుక్కు ఆమెకు తిరిగి దక్కిందో లేదో ఈనాటికీ తెలియదు.

అప్పట్లో చదువు రానివాళ్లకు సరిపోయే కొలతలు మా దగ్గర లేవు. చదువును బట్టి వేరువేరు కొలతలున్న నిమ్హాన్స్ బ్యాటరీ, అంటే పరీక్షల సెట్టు, 2004లో వచ్చింది. అయినా పిడికిట్లో పెన్సిల్ కనపడటానికి ఏ బ్యాటరీ కావాలి?

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల మీద చేసి, 2013లో అచ్చయిన పరిశోధన చదువు. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. ఇంట్లో ఏ భాష, సంతలో ఏ భాష అని అడగకుండా మాటల టెస్టు పెట్టకు.

నువ్వు తొందర మనిషివి. ఎదుటివాళ్ల మాట పూర్తి కాకుండానే జవాబిస్తావు. ఎన్నిసార్లు చెప్పాను! కోపం తెచ్చుకోకు. తాతయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు నీకు ఏడేళ్లు. ఆయన చెయ్యి ఊపుతుంటే మేమంతా నీళ్లా, మందా అని కంగారు పడ్డాం. నువ్వే పక్కన కూర్చుని, ఒక్కొక్క వస్తువూ చూపించి, ఆయన చూపు ఎక్కడ ఆగుతుందో కనిపెట్టావు. కళ్లజోడు కావాలట.

టెస్టు గదిలో రెండు మూడు పవర్ల కళ్లజోళ్లు ఉంచుకో, చాలామంది ఇంట్లో మర్చిపోయి వస్తారు. నా పెట్టెలో నాలుగు జతలున్నాయి. దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్లు.

పెద్దమ్మ